చేతికి మెప్పు, మనిషికి మచ్చ

రాజపాళయంలో ఒక మిల్లు వదిలి ఇంకో మిల్లులో చేరాలంటే సర్టిఫికెట్లు ఎవరూ చూడరు. కొత్త ముదలాళి పాత ముదలాళికి ఫోన్ చేస్తాడు. ముదలాళి అంటే మా వైపు యజమాని. ముందు ఇంట్లో అందరి మోకాళ్ళ నొప్పులూ విచారిస్తారు. తర్వాత పత్తి ధర, తర్వాత ఎవరి పెళ్ళిలో సాంబారు నీళ్ళుగా ఉందన్న చర్చ. అన్నీ అయ్యాక, ఫోన్ పెట్టేయబోతూ, అప్పుడే గుర్తొచ్చినట్టు, "అది సరి మామా, మీ దగ్గిర ఒకతను ఉండినాడే, అతను ఎట్ల?" అని అడుగుతాడు. ఆ "ఎట్ల" అనే మాటకు ఒక మనిషి బతుకంతా తగిలించి ఉంటుంది. అవతలి నుంచి "మంచోడు" అని వస్తే సోమవారం నుంచి పని. "హూఁ" అని వస్తే సంచి పట్టుకుని కూరగాయలకు పోవచ్చు.

నా విషయంలో ఆ "హూఁ" కూడా రాలేదు. అంతకంటే పొడుగైన మాటే వచ్చింది. అదేమిటో చెప్పేముందు నా కుడిచెయ్యి గురించి చెప్పాలి. గొడవంతా దానివల్లే.

సత్రపట్టి దగ్గర ఒక బ్యాండేజీ గుడ్డ మిల్లులో నేను సూపర్‌వైజరుగా పనిచేశాను. గాయాలకు చుట్టే పల్చటి తెల్లగుడ్డ అక్కడ నేస్తారు, ఉడకబెట్టి తెల్లబరుస్తారు, కోసి చుట్టలు చుట్టి బండిళ్ళు కడతారు. ఈ దేశంలో ఎవరు సైకిలు మీంచి పడినా, వాళ్ళ మోకాలికి మా మిల్లు గుడ్డే చుట్టి ఉంటారని నా గట్టి నమ్మకం. నా పని గుడ్డను వెలుతురుకు ఎత్తిపట్టి చూడటం. పోగు తెగిన చోటు, నూనె మరక పడిన చోటు, నేత పల్చబడిన చోటు వేలు పెట్టి చూపించడం. అన్నేళ్ళలో నేను చూసిన గుడ్డను పరిస్తే మన ఊరి నుంచి చందమామ దాకా పోయి, అక్కడ ఒక చుట్టు చుట్టి, మిగిలినది మదురై బస్టాండు దాకా వస్తుంది. అంతా నిలబడే చూశాను. ఆ మిల్లులో చూసేవాడికి కుర్చీ ఉండేది కాదు.

ఇక చెయ్యి. ఆయుధపూజ నాడు మిల్లంతా కడిగి, మిషన్లకు గంధం కుంకుమ పెట్టి, అరటిపిలకలు కట్టి, హారతి ఇస్తారు. హారతి అయ్యాక మొదటి మిషను స్విచ్చి ఎవరో ఒకరు నొక్కాలి. ఆ ఎవరో ఒకరు కైరాశి ఉన్న మనిషై ఉండాలి. అంటే ఆ చెయ్యి పడితే పని కలిసొస్తుందని పేరున్న మనిషి. నేను చేరిన కొత్తలో ఆ పేరు మా గుమాస్తాకు ఉండేది. ఒక ఏడాది సరిగ్గా హారతి వేళకు ఆయన కడుపు పాడై పెరట్లోకి పరిగెత్తాడు. స్విచ్చికి దగ్గరగా నిలబడి ఉన్నది నేను. "సరి, నువ్వే నొక్కప్పా" అన్నారు మా ముదలాళి. నొక్కాను. ఆ మధ్యాహ్నమే ఉత్తరాది ఆస్పత్రి నుంచి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. అది ఎప్పటినుంచో మాటల్లో ఉన్న ఆర్డరేనని మిల్లు గోడలకు కూడా తెలుసు. అయినా ముదలాళి నా చెయ్యి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూసి, కళ్ళకు అద్దుకోబోయి, మళ్ళీ అందరూ చూస్తున్నారని ఆగిపోయారు.

అప్పటినుంచి ఆ చెయ్యి నాది కాకుండా పోయింది. కొత్త లారీ వస్తే తాళం అది తిప్పాలి. బోరు వేస్తే మొదటి నీళ్ళు అందులో పడాలి. ముదలాళి ఇంట్లో ఎండాకాలం పెట్టిన మామిడికాయ ఊరగాయ జాడీ మూత కూడా అదే తియ్యాలి. ఒక ఏడాది పూజ ముందర నాకు అమ్మవారు పోసింది. ఒంటినిండా పొక్కులున్న మనిషిని మిల్లులోకి రానివ్వరు, ఆ చెయ్యి లేకుండా మిషను కదలనివ్వరు. ముదలాళి ఎలక్ట్రీషియన్ను పిలిపించి స్విచ్చికి వైరు తగిలించి గేటు దాకా లాగించారు. నేను గేటు అవతల దుప్పటి కప్పుకుని నిలబడి, వేపరెమ్మతో నొక్కాను. ఆ వైరు మా ఇంటి మంచం దాకా వచ్చిందని నేను చాలామందికి చెప్పాను. మా ఇంటావిడ పక్కన ఉన్నప్పుడు గేటు దాకా అని చెప్తాను.

చేతికి ఇంత మర్యాద జరిగింది. కళ్ళకు మాత్రం ఎవరూ గంధం పెట్టలేదు. నేను పనిచేసింది కళ్ళతో. "గుడ్డ బాగా చూస్తావప్పా" అని ముదలాళి నాతో ఒక్కసారి అన్నట్టు గుర్తు లేదు. అడిగి చెప్పించుకునే మాట కాదు కనుక నేనూ అడగలేదు.

ఇట్లా ఉండగా, మా ముదలాళి అన్నగారి అల్లుడు తెన్కాశి రోడ్డులో కొత్త మిల్లు పెట్టాడు. ఈయన్ను చిన్న ముదలాళి అంటాను, ఆయన్ను పెద్ద ముదలాళి అంటాను, మీకు కలగాపులగం కాకుండా. చిన్న ముదలాళి తన మిల్లులో గుడ్డ చూడటానికని ప్రత్యేకంగా ఒక హాలు కట్టించాడు. పైన వరసగా ట్యూబులైట్లు, కింద బల్ల, బల్ల వెనక కుర్చీ. నన్ను పిలిచి చూపించాడు. నేను లైట్లను చూడలేదు, బల్లను చూడలేదు, ఆ కుర్చీని చూశాను. నల్లది, చేతులున్నది, వెనక్కి ఒరిగితే ఒరిగేలా ఉన్నది. మహారాజుల పట్టాభిషేకాలకు కూడా అటువంటిది దొరికి ఉండదు. ఆ మిల్లు కూడా మా ఇంటికి సైకిలు మీద పోయేంత దూరమే. "వచ్చేయండన్నా, మీ కన్ను నాకు కావాల" అన్నాడు. నా కన్నును ఎవరైనా అడగడం అదే మొదలు. అప్పుడే సగం చేరిపోయాను.

పెద్ద ముదలాళికి నెల రోజుల గడువిచ్చి, ఎదురుగా నిలబడి చెప్పి, నాలాగే నిలబడి గుడ్డ చూసే ఇంకొకతనికి పని నేర్పి మరీ వచ్చాను. ఆయన కోప్పడలేదు. "సరి" అన్నారు. అని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. చివరి రోజు చెప్పి వద్దామని పోతే కూడా ఆ కిటికీ వైపే ఉన్నారు.

చేరాల్సిన రోజు దగ్గర పడుతుండగా చిన్న ముదలాళి రమ్మని కబురు చేశాడు. పోయేసరికి కాఫీ తెప్పించి పెట్టాడు. మా ఊళ్ళో మంచి వార్తకు కాఫీ ఉండదు, అది నిలబడే చెప్పేస్తారు.

"మామకు ఫోన్ చేసినాను అన్నా."

"మంచిది ముదలాళీ."

"మంచిది కాదన్నా. మీరు ఉండిన కాలంలో గుడ్డ బండిళ్ళు బయటికి పోయినై అన్నారు. ఎవరు తీసుకపోయినారని అడిగితే, నేను నోటితో చెప్పను, నువ్వే అర్థం చేసుకో అన్నారు."

నా చేతిలో కాఫీ లోటా నిండు గర్భిణిలా బరువెక్కింది.

"మీరు నమ్మినారా?"

"నేను నమ్మలేదన్నా. కానీ మామ మాట తోసేసి మిమ్మల్ని పెట్టుకుంటే, దీపావళికి నేను మా ఆవిడ పుట్టింటికి పోయేది ఎట్ల? ఆడ నాకు అన్నం పెట్టేది ఎవరు? నీళ్ళు కూడా పొయ్యరు." ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. "మామ నోటితో పోయిన మాట మామ నోటితోనే తిరిగి రావాల. వచ్చిన నాడు ఆ కుర్చీ మీది. అంతదాకా వేరే ఎవర్నీ కూర్చోనివ్వను."

సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాను. పాత పని వదిలేశాను, కొత్త పని తలుపు దగ్గర ఆగిపోయింది, మధ్యలో దొంగ అనే పేరు మాత్రం ఉచితంగా వచ్చింది. ఆ మాట ఫోన్లోంచి ఎట్లా బయటికి వచ్చిందో గాని వచ్చింది. షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్నావిడ సంచి ఇటువైపు నుంచి అటువైపు మార్చుకుంది. ఎండ తగలకుండా మార్చుకుని ఉండవచ్చు. టీ కొట్లో గ్లాసులు లెక్కపెట్టుకుంటున్నారనిపించింది. పుణ్యానికి కొండ దూరంగా ఉంది కనుక సరిపోయింది గాని, ఆ వారం ఎవరైనా కొండ కనపడటం లేదంటే నా ఇంటికే వెతకడానికి వచ్చేవాళ్ళు.

మా ఇంటావిడ అప్పుడు ఇడ్లీ పాత్ర దించుతోంది. విషయమంతా విని, ఇడ్లీల కింద వేసిన గుడ్డను రెండు వేళ్ళతో ఎత్తి నా ముఖం ముందు ఆడించింది.

"ఇదో, మీరు దోచుకొచ్చిన సొత్తు! ఇదీ పోయిన దీపావళికి ఆయనే ఇచ్చినారు. పోలీసులు వస్తే ఇడ్లీలతో కలిపి అప్పగిస్తాను."

"నీకు నవ్వులాట. నా పేరు పోయింది."

"పేరు పోతే తీసుకురాండి. ఇంట్లో కూర్చుని ఫ్యాన్ చూస్తే వస్తుందా? చదువుకునే బిడ్డ ఉండాది మనకు. రేపు ఆ బిడ్డతో ఎవరైనా 'మీ నాయన ఆ దొంగ దానే' అంటే నేను ఊరుకోను, చెప్తా ఉండాను."

ఆమె నవ్వుతూనే మొదలుపెట్టింది. చివరి మాటకు వచ్చేసరికి ఆ గుడ్డను బకెట్లో విసిరి కొట్టింది. ఇడ్లీలు చల్లారిపోయాయి. ఎవరం తినలేదు.

మర్నాడు పెద్ద ముదలాళి ఇంటికి పోయాను. వరండాలో ఉయ్యాల మీద ఆయన, కింద ఆయన కుక్క. మా ఊరి జాతి కుక్క, తెల్లగా, గులాబి ముక్కుతో, ఒంటెకు చెల్లెలిలా పొడుగ్గా ఉంటుంది. కొత్తవాళ్ళను చూస్తే తాటిచెట్టు ఎక్కించేదాకా వదలదు. నన్ను చూసి లేచి, తోక ఊపి, నా కాలిమీద గడ్డం పెట్టి పడుకుంది. ఆ ఇంట్లో నా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పిన ప్రాణి అదొక్కటే.

"ఏమప్పా, రా రా. ఎండ ఎట్ల ఉండాది?"

"ఎండకేమి అయ్యా, బాగానే ఉండాది. నేనే బాగలేను. బండిళ్ళు పోయినై అని చెప్పినారంట."

"ఎవరు చెప్పినారు?"

"మీరు."

"నేను చెప్పినానని ఎవరు చెప్పినారు?"

"మీ అల్లుడు."

"వాడు చిన్నోడు. వాడికేమి తెలుసు? ఫోన్లో సరిగ్గా వినపడదు." ఆయన ఉయ్యాల ఆపి నా చేతి వైపు చూశారు. ముఖం వైపు కాదు, చేతి వైపు. "నువ్వెందుకప్పా ఇంట్లో కూర్చుని చుమ్మా ఊరికే కష్టపడేది? రేపే వచ్చేసేయ్. నీ చోటు నీకే ఉండాది. నీకు నేను ఏం తక్కువ చేసినాను చెప్పు?"

"ఒక్క బండిలైనా పోయిందా అయ్యా, నేను ఉండేటప్పుడు?"

ఆయన లోపలికి చూసి, "కాఫీ తీసుకురాండమ్మా" అని కేకేశారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. కోపంతో చేసిన పని కాదు అది. కోపమొచ్చిన మనిషి రేపే వచ్చేయ్ అనడు. పిల్లలు పంక్తిలో జాంగ్రీ కనపడగానే ఇంకెవరూ తీసుకోకుండా దాన్ని ముందే నాకి పెట్టుకుంటారు. ఆయన చేసిందీ అదే. నన్ను ఎంగిలి చేశారు. పారేయడానికి కాదు, దాచుకోవడానికి. ఆ పూట నాకు కోపం కంటే ఒక రకమైన సిగ్గు ఎక్కువ కలిగింది. ఆ పెద్దమనిషి అంతగా దాచుకోవాలనుకున్నది నన్ను కాదు, మోచేతికి కింద ఉన్న ముక్కను. ఆ చెయ్యి అల్లుడి మిల్లులో స్విచ్చి నొక్కితే తన మిల్లు ఆర్డర్లు రోడ్డు దాటి అటు నడిచిపోతాయని ఆయన భయం.

తిరిగి చేరిపోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో అది చాలాసార్లు తోచింది. కానీ చేరితే ఆ మాట నిజమైపోతుంది. దొంగని తెలిసి కూడా మనసు కరిగి పెట్టుకున్న ధర్మాత్ముడు ఆయన అవుతాడు, ఆ ధర్మంలో బతికేవాణ్ణి నేను అవుతాను. గుడ్డలో నూనె మరక పడితే మడతలో లోపలికి పెట్టి పంపేయవచ్చు, పైకి కనపడదు. అట్లా పంపకుండా ఆపడానికే కదా నన్ను అక్కడ అన్నేళ్ళు నిలబెట్టింది.

"కొంచెం ఓపిక పట్టండి," అంది మా ఇంటావిడ. "ఆయుధపూజ వస్తా ఉండాది. ఆయనే పిలుస్తాడు చూడండి."

"దొంగను పూజకు పిలుస్తాడా?"

"దొంగను పిలవడు. చేతిని పిలుస్తాడు."

పూజ ముందు రోజు ఫోన్ మోగింది. పెద్ద ముదలాళే. నా క్షేమం అడగలేదు, పత్తి ధర అడగలేదు. "రేపు పొద్దున రాప్పా. మంచి టైము కొంచెమే ఉండాది, తర్వాత రాహుకాలం. కారు పంపిస్తాను."

మా ఇంటావిడ పక్కనుంచి వింటోంది. ఫోన్ పెట్టేశాక, "కారు వద్దు" అంది. "కారెక్కితే వాళ్ళ మనిషిగా దిగతారు. బస్సులో పొండి. పోయి, నొక్కేముందు నోరు తెరవండి. చెయ్యి ఒక్కటే పోయి రాకూడదు, మీరు కూడా పోవాల."

ఆ పొద్దున ఆమె నా చొక్కా ఇస్త్రీ చేసిన తీరు చూస్తే, దాని మడతతో కూరగాయలు తరగవచ్చు.

మిల్లు పెళ్ళివారిల్లులా ఉంది. గేటుకు అరటిచెట్లు, మిషన్లకు బంతిపూల దండలు, గుడ్డ కోసే కత్తికి కూడా బొట్టు. చుట్టలు చుట్టే ఆడవాళ్ళందరూ కొత్త చీరల్లో, తలనిండా మల్లెపూలతో నిలబడి ఉన్నారు. నన్ను చూసి కొందరు నవ్వారు, కొందరు నేల చూశారు. నేల చూసినవాళ్ళు ఎక్కువ. నాతో పక్కపక్కన నిలబడి పని చేసినవాళ్ళు వాళ్ళు. ఆ చూపు తగిలిన చోట ఇప్పటికీ కొంచెం నొప్పి ఉంది.

హారతి అయింది. గుమ్మడికాయ పగలగొట్టారు. పెద్ద ముదలాళి కర్పూరం పళ్ళెం పట్టుకుని స్విచ్చి పక్కన నిలబడి, "ఊఁ, నొక్కప్పా" అన్నారు. నేను చెయ్యి ఎత్తి స్విచ్చి మీద పెట్టాను. పెట్టి, అట్లాగే ఉంచాను.

"నొక్కప్పా. టైము అయిపోతా ఉండాది."

"నొక్కతాను అయ్యా. ఒక్క మాట అడిగి నొక్కతాను. ఈ చెయ్యి దొంగ చెయ్యా, మంచి చెయ్యా?"

మిల్లులో ఎంత నిశ్శబ్దం అయిందంటే, బయట గేటు దగ్గర ప్రసాదానికి తెచ్చిన మరమరాల బస్తాలో ఒక మరమరం ఇంకో మరమరం మీదికి దొర్లిన చప్పుడు నాకు వినపడింది.

"పూజ వేళ ఏం మాటలప్పా ఇవి? మంచి చెయ్యి దానే. అందుకే పిలిచినాను."

"అట్లయితే బండిళ్ళు పోయినై అని మీ అల్లుడితో అన్నది ఎవరిని అయ్యా? చెయ్యి మంచిదయితే, దాన్ని మోసే మనిషి ఎట్ల దొంగ అయినాడు?"

ఆయన గడియారం చూశారు. నన్ను చూశారు. మళ్ళీ గడియారం చూశారు. వెనక నుంచి చుట్టలు చుట్టే ఒకావిడ ఉండబట్టలేక అంది: "ముదలాళీ, ఏదో ఒకటి చెప్పేయండి. ప్రసాదం శనగలు చల్లారిపోతా ఉండాయి." ఇంకొకావిడ, "నువ్వు ఉండక్కా, శనగలు ఎప్పుడూ తింటానే ఉంటావు. అన్న కేస్ ముగియనీ" అంది. నవ్వు మొదలై, మధ్యలో భయపడి ఆగిపోయింది.

"ఏం చెయ్యాలంటావు ఇప్పుడు?" అన్నారాయన మెల్లగా.

"ఫోన్ చెయ్యండి. ఏ నోటితో చెప్పినారో ఆ నోటితోనే."

"పూజ అయినాక చేస్తానప్పా. నా మాట నమ్మవా?"

"నమ్ముతాను అయ్యా. అందరూ మీ మాట నమ్ముతారు. అదే నాకు వచ్చిన కష్టం."

ఆ మాట నేను ముందుగా అనుకుని పోయింది కాదు. అన్నాక నాకే ఎట్లాగో అనిపించింది. ఆయన కర్పూరం పళ్ళెం పక్కనున్నావిడకు ఇచ్చి, జేబులోంచి ఫోన్ తీశారు. అంకెలు కుదరలేదు. గంధం అంటిన వేళ్ళకు ఆ అద్దం పలకలేదు. పంచె అంచుతో తుడుచుకుని మళ్ళీ నొక్కారు. స్పీకరు పెట్టమని నేను చెప్పలేదు. ఆయనే పెట్టారు.

"మామా! పూజ అయిందా?"

"అవతా ఉండాది. ఇదో, ఒక మాట. నా దగ్గిర ఉండినాడే, గుడ్డ చూసే అతను. బండిళ్ళు ఏవీ పోలేదు."

"ఏంటి మామా?"

"ఒక్కటి కూడా పోలేదంటా ఉండాను కదా! మంచోడు. మంచిగా పని చేసినాడు. గుడ్డ అతను చూసినట్టు ఎవరూ చూడరు. తిరిగి వచ్చిన సరుకు అంటూ లేదు, అతను ఉండినన్నాళ్ళు." ఆయన మిషను వైపు తిరిగారు. "వదిలి పోతాడే అని అట్ల చెప్పినాను. అంతే."

అవతల చిన్న ముదలాళి, "సరి మామా. అట్లయితే అన్నను నేను తీసుకుంటాను. చెయ్యి కూడా నాకే దానే?" అన్నాడు. వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు, అడిగే వేళ తెలుసు.

"చెయ్యి ఈ ఒక్క పొద్దు నాది!" పెద్ద ముదలాళి అరిచారు. "ప్రతి ఏడాది ఈ ఒక్క పొద్దు. మిగిలినదంతా నువ్వే పెట్టుకో."

ఆడబిడ్డను కాపురానికి పంపుతూ, మొదటి పురిటికి మాత్రం మా ఇంటికే పంపాలని ఒప్పందం చేసుకున్నట్టు, నా ఎదురుగానే నన్ను మోచేయి దగ్గర కోసి పంచుకున్నారు. నన్ను ఎవరూ అడగలేదు. అడగకపోయినా నొక్కాను. మిషను కదిలింది. రాహుకాలం ఎంత దూరంలో ఉందో నాకు తెలియదు గాని, దాని ఊపిరి నా మెడ వెనక తగిలిందని ఇంట్లో చెప్పాను.

గెలిచినట్టే వచ్చాను, మరమరాల పొట్లం పట్టుకుని. బస్సులో మాత్రం ఆ గంధం అంటిన వేళ్ళే కళ్ళముందు ఆడాయి. స్విచ్చి మీద చెయ్యి పెట్టి నేను ఆయన భయాన్ని పట్టుకుని ఆడించాను. ఆయన నా అవసరాన్ని పట్టుకుని ఆడించినట్టే. కాకపోతే ఆయన అబద్ధం చెప్పడానికి ఆడించాడు, నేను నిజం చెప్పించడానికి. ఈ తేడా పెద్దదే. అయినా ఆ రోజంతా దాన్ని నాకు నేనే చెప్పుకుంటూ ఉండాల్సి వచ్చింది. ఇంకొకటి కూడా తోచింది. గుడ్డ అతను చూసినట్టు ఎవరూ చూడరు అనే మాట ఆయనకు అప్పటికప్పుడు పుట్టింది కాదు. అంత తొందరలో మనిషి కొత్త మాటలు కల్పించలేడు. అది లోపల ఎప్పటినుంచో ఉండి ఉండాలి. నేను వదిలి పోతున్నానని చెప్పిన రోజు కిటికీ వైపు తిరగకుండా అదొక్కటి అని ఉంటే, ఆ కుర్చీని చూసిన కళ్ళతోనే నేను ఇంకా అక్కడ నిలబడి ఉండేవాణ్ణేమో.

కొత్త మిల్లులో చేరిన పొద్దున చిన్న ముదలాళి నన్ను కుర్చీ దగ్గరికి తీసుకుపోలేదు. నేరుగా కొత్త మిషను దగ్గరికి తీసుకుపోయాడు. "మామకు తెలియక్కర్లేదన్నా. చుమ్మా ఒకసారి నొక్కండి" అన్నాడు గుసగుసగా. నొక్కాను. కరెంటు పోయింది. మా మిల్లులోనే కాదు, వీధంతా పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు. ఆయన నా చెయ్యి వైపు, నేను ఆయన ముఖం వైపు చూసుకుంటూ చాలాసేపు చీకట్లో నిలబడ్డాం.

"అన్నా, మీరు పోయి గుడ్డ చూడండి" అన్నాడు చివరికి.

అదే నాకు కావలసింది. హాలు కిటికీ వెలుతురులో గుడ్డ ఎత్తిపట్టి చూడటం మొదలుపెట్టాను. మళ్ళీ ఆయన ఏనాడూ నన్ను ఏ స్విచ్చి దగ్గరికీ పిలవలేదు. కుర్చీ మాత్రం వెనక్కి ఒరగదు. ఒరిగేలా కనిపిస్తుంది, అంతే.

ఒప్పందం ప్రకారం ప్రతి ఆయుధపూజకూ పొద్దున్నే సత్రపట్టి బస్సెక్కుతాను. పెద్ద ముదలాళి ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారు. హారతి అయ్యాక, గుమ్మడికాయ పగిలాక, నేను చెయ్యి స్విచ్చి మీద పెట్టగానే, ఎవరూ అడగకుండానే ఆయన గొంతు సవరించుకుంటారు. "ఇతను మంచోడు. నా దగ్గిర ఒక్క బండిలు కూడా పోలేదు. గుడ్డ ఇతను చూసినట్టు ఎవరూ చూడరు." ఆ మాటలు చెప్పకపోతే మిషను తిరగదని ఆయన నమ్మకం. ఆ ఫోన్ చేసిన ఏడాది అవి చెప్పాకే తిరిగింది కదా, ఇక దాన్ని మార్చే ధైర్యం ఆయనకు లేదు. కొత్తగా చేరిన ఆడపిల్లలు అది కూడా పూజలో భాగమేననుకుని చేతులు జోడిస్తారు.

అర్థం తెలిసి చెప్తున్నారో, మిషను కోసం చెప్తున్నారో నాకు తెలియదు. ఆయన్ను అడగను. కళ్ళు మూసుకుని ఆయన ఆ మాటలు చెప్తున్నంతసేపూ, మంచి టైము ఎంత తక్కువగా ఉన్నా సరే, నేను తొందరపడి నొక్కను. చివరి మాట దాకా విని నొక్కుతాను.